నీలి ప్యాంటుకు ఒక కొర్రీ

మా పురపాలక సంఘంలో నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయి. ఉత్తర్వులు మాత్రం రోజుకు రెండుసార్లు వస్తాయి. నీళ్ల సంగతి ఊరందరికీ తెలుసు. ఉత్తర్వుల సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు గంట్యాడ జోగారావు. నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటును. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా ఊరికి బిందెడు నీళ్లు వెళ్లాయని చెప్పలేను గాని, నేను కొర్రీ వేయకుండా ఒక్క ఫైలూ మెట్టెక్కలేదని మాత్రం గర్వంగా చెప్పుకోగలను. కొర్రీ అంటే తెలియని అదృష్టవంతులకు ఒక మాట. వచ్చిన కాగితం మీద 'ఫలానాది జతపరచలేదు, వివరణ కోరడమైనది' అని రాసి వెనక్కి పంపడాన్ని కొర్రీ అంటారు. రాయడానికి ఒక్క వాక్యమే. దానికి జవాబు వచ్చేలోగా అర్జీదారు పిల్లలు పెళ్లీడుకొస్తారు.

మే నెల మొదట్లో మా కమిషనర్ గారు కొండ మీద రిసార్టులో మూడు రోజుల నాయకత్వ శిక్షణకు వెళ్లొచ్చారు. అలాంటి చోటికి వెళ్లినవాళ్లు మామూలుగా ఒక సంచీ, ఒక పెన్ను, కాస్త జలుబు తెచ్చుకుంటారు. మా సారు దర్శనం తెచ్చుకున్నారు. నేవీ బ్లూ చైనోస్ ప్యాంటు వేసుకున్న ఉద్యోగిని చూస్తే ప్రజలకు వ్యవస్థ మీద నమ్మకం డెబ్భై శాతం పెరుగుతుందని అక్కడెవరో నిపుణుడు తెర మీద గీతలు గీసి చూపించాడట. చైనోస్ అంటే జీన్సు కాదు, ఆఫీసు ప్యాంటూ కాదు, రెండింటికీ మధ్యరకం నూలు ప్యాంటు. అంతకు ముందు మా ఆఫీసులో ఆ పేరు విన్నవాడు లేడు.

మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు.

"మన పట్టణంలో సమస్యలున్నాయని కొన్ని వర్గాలు ఆరోపిస్తున్నాయి. సమస్యలు లేవు. ఉన్నది దృక్కోణ లోపం" అన్నారు కమిషనర్ గారు. "పౌరుడు కొళాయి తిప్పుతాడు. నీళ్లు రావు. బాధపడతాడు. అదే క్షణంలో ఎదురుగా నేవీ బ్లూ ప్యాంటులో ఒక ఉద్యోగి నిటారుగా నిలబడి ఉన్నాడనుకోండి. ఆ బాధ కాస్తా అనుభూతిగా పరివర్తన చెందుతుంది."

మేం చప్పట్లు కొట్టాం. మాకు అలవాటే.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. అటెండరు నుంచి కమిషనర్ దాకా, పర్మినెంటు నుంచి అవుట్‌సోర్సింగు దాకా, పురుష ఉద్యోగులు అరవై నలుగురూ నేవీ బ్లూ చైనోస్ ధరించవలెను. 'దానికి జోడుగా అనుబంధం-2లో పేర్కొన్న పాదరక్షలు మాత్రమే తొడుగవలెను.' మహిళా ఉద్యోగుల విషయం ప్రత్యేక పరిశీలనలో ఉన్నదని చివర రాశారు. ఆ పరిశీలన ఎప్పటికీ పూర్తికాకూడదని మా ఆఫీసు ఆడవాళ్లందరూ ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకున్నారు.

కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. అనుబంధం-1 ఉంది, అందులో ప్యాంటు బొమ్మ ఉంది. అనుబంధం-2 లేదు. బుద్ధున్నవాడెవడైనా హమ్మయ్య అనుకుని ఉన్న చెప్పులు వేసుకుని పని చూసుకుంటాడు. నాకు చెయ్యి దురద. 'అనుబంధం-2 జతపరచలేదు. నేవీ బ్లూ చైనోస్‌కు ఏ పాదరక్షలు జోడు అగునో వివరణ కోరడమైనది' అని రాసి పైకి పంపాను. ఈ కథలో జరిగిన పాపానికంతటికీ మొదలు ఆ ఒక్క వాక్యం. రాసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్తే మీరు నన్ను కొడతారు.

"శభాష్ జోగారావూ! అరవై నలుగురి కళ్లు కప్పిన లోపం నీ కంట్లో పడిందయ్యా" అన్నారు మా మేనేజరు ముకుందరావు గారు. ఆయనకు ఫైలు లావెక్కడం చూస్తే మనవడు లావెక్కినంత ఆనందం.

రెండు గంటల్లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. 'జాబితా ఖరారగువరకు, జోడు కుదరని పాదరక్షలు ధరించు ప్రమాదమును నివారించు నిమిత్తము, ఎట్టి పాదరక్షలూ ధరించరాదు.'

మే నెల ఎండలో అరవై నలుగురం నీలి ప్యాంట్లు వేసుకుని ఉత్త కాళ్లతో ఆఫీసుకు వెళ్లాం. తారు రోడ్డు మీద మా నడక చూసి పిల్లలు నవ్వారు గాని పెద్దవాళ్లు చేతులు జోడించారు. నీలిబట్టలు, ఉత్త కాళ్లు, నలభై డిగ్రీల ఎండకు మాసిన గడ్డాలు. "ఏటి స్వామీ, మే నెల్లో మాలేసీసుకున్నారు?" అని టీ కొట్టువాడు అడిగాడు. కొళాయి కనెక్షను కోసం ఆరు నెలలుగా తిరుగుతున్న ఒక ముసలామె నన్ను చూసి, దీక్షలో ఉన్న స్వామిని పనులడిగి ఇబ్బంది పెట్టకూడదని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆ వారం ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. నిపుణుడు చెప్పిన డెబ్భై శాతం ఇదేనని కమిషనర్ గారు పై అధికారులకు నివేదిక పంపారు.

పాదరక్షలు తేల్చడానికి ఉపసంఘం వేశారు. మేనేజరు గారు అధ్యక్షుడు, అసిస్టెంటు ఇంజినీరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు సభ్యులు. మా ఆఫీసు ఆనవాయితీ ప్రకారం కొర్రీ వేసినవాడే కన్వీనరు. 'రంగుల విషయమున కన్వీనరు నిర్ణయమే తుది నిర్ణయము' అని కూడా రాశారు. పొంగిపోయాను.

తొలి సమావేశంలోనే నలుపును కొట్టేశాం. నేవీ బ్లూ పక్కన నల్లబూటు ఆలోచన లేని ఎంపిక అని నిపుణుడు చెప్పాడట. మా ఆఫీసులో బూట్లంటూ ఉన్నవాళ్లందరికీ ఉన్నవి నల్లబూట్లే. ఎడారి బూట్లు అనే రకాన్ని, పట్టణ పరిధిలో ఎడారి లేనందున తిరస్కరించాం. అందులో మేం కాస్త తొందరపడ్డామని తర్వాత తెలిసింది. మిగిలింది గోధుమరంగు.

"ఏ గోధుమరంగు?" అన్నారు శానిటరీ ఇన్‌స్పెక్టరు. "మా ఇంట్లో గోధుమలది ఒక రంగు, రేషను గోధుమలది ఇంకో రంగు."

ఇది పది రోజులు నడిచింది. చివరికి నేనే దారి చూపించాను. కిరాణా కొట్టు నుంచి పాత చింతపండు, కొత్త చింతపండు, బెల్లం తెప్పించి, పాలెక్కువ పోసిన టీ ఒక గ్లాసులో పెట్టి, నాలుగు నమూనాలూ బల్ల మీద వరసగా పేర్చాను. మూడో సమావేశానికి బెల్లం అయిపోయింది. ఎవరు తిన్నారో మినిట్స్‌లో లేదు. కొత్తగా తెచ్చిన బెల్లం కొంచెం నల్లగా ఉండటంతో మళ్లీ ఆమోదం తీసుకోవలసి వచ్చింది.

హోదా పెరిగేకొద్దీ రంగు ముదరాలని తీర్మానించాం. కమిషనర్ గారికి పాత చింతపండు రంగులో, ముక్కు మీద చిల్లులతో పువ్వు పొడిచిన తాళ్ల బూట్లు. మేనేజరుకూ ఇంజినీరుకూ కొత్త చింతపండు. బిల్లు కలెక్టర్లకు తెల్ల స్నీకర్లు, జనం తరిమినప్పుడు పనికొస్తాయని. గుమాస్తాలకు బెల్లం రంగు లోఫర్లు, క్షేత్ర సిబ్బందికి టీ రంగు లోఫర్లు. లోఫర్లంటే తాళ్లు లేకుండా కాలు దూర్చేవి. ఈ రెండూ స్వేడ్ తోలువే, అంటే పీచులేచిన మెత్తటి తోలు. వాటికి ప్రాణశత్రువు నీరు అని డబ్బా మీదే రాసుంది.

తర్వాత మేజోళ్ల దగ్గర చిక్కొచ్చింది. లోఫర్లలో మేజోడు వేసుకోవాలి గాని బయటికి కనిపించకూడదట. కనిపిస్తే ఉల్లంఘన. కనిపించకపోతే వేసుకున్నాడో లేదో తెలియదు. నాలుగు గంటలు చర్చించి, ప్రతి ఉద్యోగీ పొద్దున్నే 'నేను కనిపించని మేజోళ్లు ధరించితిననియు, అవి కనిపించుట లేదనియు ధ్రువీకరించుచున్నాను' అని సంతకం పెట్టాలని తేల్చాం. 'పరిశీలించితిని, కనిపించలేదు' అని కింద మేనేజరు గారు సంతకం చేస్తారు.

అన్నీ కలిపి పద్నాలుగు నిబంధనలు రాశాను. ఏడోది: విధి నిర్వహణ సమయమున పాదరక్షలు విప్పరాదు. తొమ్మిదోది: స్వేడ్ పాదరక్షలకు నీరు తగలనీయరాదు, తగిలినచో ఛార్జి మెమో. జూన్ పదిహేనుకల్లా అందరికీ బూట్లు వచ్చేశాయి. పట్టణ చరిత్రలో గడువుకు ముందు పూర్తయిన పథకం అదొక్కటే.

పదహారో తేదీ పొద్దున నూకయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు.

బోణి నూకయ్య మా వాల్వు మనిషి. యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా అవుట్‌సోర్సింగే. ఊళ్లో ముప్ఫై ఒక్క వాల్వులు ఏ గోతిలో ఉన్నాయో, ఏది ఎన్ని తిప్పులకు లొంగుతుందో మా ఇంజినీరుకు తెలియదు, పటంలో లేదు, నూకయ్య చేతికి తెలుసు. అన్నిట్లోకీ మొండిది తొమ్మిదో నంబరు. అది తెరిస్తేనే మెరకవీధికీ, ఆ వీధి చివరి ఇరవై మంచాల ప్రసూతి ఆసుపత్రికీ నీళ్లెక్కుతాయి. నిలువెత్తు గొయ్యి, అడుగున ఎప్పుడూ మోకాలి లోతు ఊట. ఆ ఏడాది నూకయ్య పేరు పర్మినెంటు జాబితాలోకి ఎక్కింది. జూన్ ముప్ఫై దాకా ఒక్క మెమో కూడా లేకపోతే పర్మినెంటు. ఒక్కటి పడితే పేరు కొట్టేస్తారు. ఇంతకు ముందు జాబితా వచ్చి పదకొండేళ్లయింది. ఇంకోటి వచ్చేసరికి అతను రిటైరయ్యే వయసు దాటిపోతాడు.

నీలి ప్యాంటు మడమల దాకా, టీ రంగు లోఫర్లు చంటిపిల్లల్లా జాగ్రత్తగా వేస్తూ వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఈ బూట్లతోటి గోతిలోకి ఎలాగ దిగాల?"

"దిగకూడదు. తడిస్తే మెమో."

"అయితే ఇప్పీసి దిగీనా?"

"విప్పకూడదు. ఏడో నిబంధన."

"మరి వాల్వెలాగ తిప్పాల బాబూ?"

నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నాలుగు వారాలు చింతపండు ముందేసుకుని కూర్చున్న మాకు నలుగురికీ ఆ ప్రశ్న తట్టలేదు. నీటి విభాగం వాళ్లం, నీళ్ల మాటే మరిచిపోయాం. నోట్ రాసి పైకి పంపాను. ఇంజినీరు 'విధానపరమైన అంశం' అని రాసి మేనేజరుకు పంపారు. మేనేజరు 'ఉన్నతస్థాయి నిర్ణయార్థం' అని రాసి కమిషనర్‌కు పంపారు. కమిషనర్ గారు నన్ను పిలిచారు.

"జోగారావు గారూ, నీటి విభాగమంటే నీటిలో దిగే విభాగం కాదు. నీటిని నిర్వహించే విభాగం. ఆ సూక్ష్మం క్షేత్రస్థాయికి మీరు తీసుకెళ్లాలి."

తీసుకెళ్లాను. నూకయ్య విని, "సరే బాబూ, నిర్వయిస్తాను" అన్నాడు. మర్నాటి నుంచి పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా తొమ్మిదో వాల్వు గోతి పక్కన, పొడి మట్టి మీద, మెరిసే లోఫర్లతో నిలబడి ఫోటో దిగి పంపడం మొదలుపెట్టాడు. కమిషనర్ గారి గదిలో గోడ మీద 'జోడు శాతం' అని ఒక బోర్డు పెట్టారు. మొదటిరోజు తొంభై ఎనిమిది. మూడో రోజుకు నూరు.

నీళ్ల శాతానికి బోర్డు లేదు. బూట్లు వచ్చిన రోజున ఏ వాల్వు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. తెరిచి ఉన్న వాల్వుల కింద పల్లపు వీధుల్లో రాత్రింబవళ్లు నీళ్లు పారి మురిక్కాలవల్లో కలిశాయి. మూసి ఉన్న వాల్వుల పైన మెరకవీధి ఎండిపోయింది. పల్లపు వీధులు తడిగా ఉన్నందున శానిటరీ సిబ్బంది అటు వెళ్లలేదు, బూట్లు తడుస్తాయని. మెరకవీధికి వెళ్లలేదు, అక్కడ జనం కొడతారని. ఇలా తొమ్మిది రోజులు.

పదో రోజు ప్రసూతి ఆసుపత్రి సిస్టర్ కరుణమ్మ ఖాళీ ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని తిన్నగా కమిషనర్ గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"పొద్దుట్నుంచి రెండు పురుళ్లు పోశానండీ. ఇంకో ముగ్గురు నొప్పులు పడుతున్నారు. పుట్టిన బిడ్డని తుడవడానికి చెంబుడు నీళ్లు లేవు. సోడా కొట్టాయన పుణ్యాన నాలుగు సీసాలు దొరికితే వాటితో చేతులు కడుక్కుంటున్నాను. మీ మనిషి ఆ గోతి పక్కనే నిలబడుంటాడు, దిగడు. ఏంటండీ ఇది?"

"చూడండమ్మా, మీ భావోద్వేగాన్ని ఈ కార్యాలయం గౌరవిస్తోంది" అన్నారు కమిషనర్ గారు. "అయితే వాస్తవాలు వేరు. తొమ్మిదో వాల్వు దగ్గర మన హాజరు నూటికి నూరు. ఇదిగో ఈరోజు ఫోటో. జోడు చూడండి, ఎంత కుదిరిందో."

సిస్టర్ ఫోటో చూసింది.

"ఈ ఫోటో పిండి బిడ్డకి నీళ్లు పొయ్యమంటారా?"

ఆమె బకెట్ అక్కడే నేల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ బకెట్ ఏ రిజిస్టరులో ఎక్కించాలో రాయమని నాకు అప్పగించారు. నాకు సిగ్గేసింది. అంతవరకూ ఈ వ్యవహారమంతా నేను ఒక మంచి ఫైలులాగే చూశాను. ఆ ఖాళీ బకెట్ పట్టుకుని వరండాలో నడుస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యమనిపించింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నూకయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. ప్యాంటు పొడిగా ఉంది, లోఫర్లు పొడిగా ఉన్నాయి, జుట్టు మాత్రం తడిగా ఉంది.

"తిప్పీసినాను బాబూ" అన్నాడు మెల్లగా. "పేంటు ఇప్పి, మడతెట్టి, దానిమీద బూట్లెట్టి, గావంచా కట్టుకోని దిగీసినాను. రెండు గంటలు ఒగ్గీసి మల్లీ కట్టీసినాను. సిస్టరమ్మ సేతుల్లోనే నా మనవరాలు పుట్టింది బాబూ. ఆయమ్మ రోజూ నా ముందు నుంచి నడిసెల్తాది. ఒక్క మాటనదు. అలాగ నిలబడి ఎన్నాళ్లుంటాను?"

"ఎవరైనా చూశారా?"

"నాను గోతిలో ఉండగా పైన ఎవులో వొచ్చినారు. మాటలినపడ్డాయి. ఇంక నా పేరు ఎల్లిపోద్దేటి బాబూ?"

జాబితా తేలడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. అంతలో శానిటరీ ఇన్‌స్పెక్టరు నాయకత్వంలోని జోడు తనిఖీ బృందం నివేదిక వచ్చింది. 'ఉదయం 6.40కి తొమ్మిదో వాల్వు వద్ద నేవీ బ్లూ ప్యాంటు ఒకటి, దానిపై పాదరక్షలు ఒక జత కనుగొనబడినవి. ప్యాంటుకు పాదరక్షలకు జోడు సంతృప్తికరము. లోపల ఉండవలసిన ఉద్యోగి మాత్రము కనిపించలేదు. గోతి అంచు తడిగా ఉన్నందున దగ్గరకు పోలేదు. ఫోటో జతపరచడమైనది.'

జతపరచారు కూడా.

అరవై నాలుగు ప్యాంట్లూ ఒక్కలాంటివే. అందుకని ముద్దాయిని పట్టుకోవడానికి దారి బూట్లే అయ్యాయి. కమిషనర్ గారు ఉపసంఘాన్ని అత్యవసరంగా సమావేశపరిచారు. బల్ల మీద మళ్లీ బెల్లం, మళ్లీ టీ గ్లాసు. మధ్యలో ఫోటో.

"రంగును బట్టి కేడరు. కేడరును బట్టి బాధ్యుడు. నిష్పాక్షికంగా తేల్చండి" అన్నారు కమిషనర్ గారు.

"టీ అండీ. సందేహం లేదు" అన్నారు శానిటరీ ఇన్‌స్పెక్టరు.

"నాకూ టీయే అనిపిస్తోంది" అన్నారు మేనేజరు గారు, భూతద్దంలోంచి. "టీ అయితే వాల్వు మనిషే. మెమో ముసాయిదా రాసేద్దాం. ఏమంటావు జోగారావూ? కన్వీనరువి, తుది మాట నీదే కదా."

ఫోటో చేతిలోకి తీసుకున్నాను. పాలెక్కువ పోసిన టీ రంగే. గుడ్డివాడికి కూడా టీ రంగే. నేను నిజం చెప్తే ఇరవై రెండేళ్లు గోతుల్లో దిగినవాడి పేరు ఈ సాయంత్రానికి జాబితాలోంచి పోతుంది, అదీ ఈ పది రోజుల్లో ఆఫీసు మొత్తం మీద జరిగిన ఒకే ఒక్క పని చేసినందుకు. అబద్ధం చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. నాకు భయమేసింది. పిరికివాణ్ణి కాకపోతే ఇరవై ఆరేళ్లు కొర్రీలు ఎందుకు వేస్తాను? అయినా ఆ టీ గ్లాసు చూస్తుంటే ఒళ్లు మండింది. దీన్ని ఈ బల్ల మీద పెట్టినవాణ్ణి నేనే కదా.

"బెల్లం" అన్నాను.

అందరూ నావైపు చూశారు.

"కొత్త ఆమోదం ప్రకారం, రెండో విడత బెల్లం. పొద్దుటి ఎండ పడి పాలిపోయినట్టుంది గాని, బెల్లమే. కన్వీనరు హోదాలో ధ్రువీకరిస్తున్నాను." ధ్రువీకరణ రాసి సంతకం చేసి బల్ల మీద పెట్టాను.

"నీటి విభాగంలో బెల్లం రంగు బూట్లు ఎవరికున్నాయి?" అన్నారు కమిషనర్ గారు.

"నాకొక్కడికే సార్."

ముకుందరావు గారి భూతద్దం టీ గ్లాసులో పడింది.

"అంటే మీరు... ప్యాంటు విప్పి... ఆ గోతిలోకి?"

"దిగాను సార్."

"కారణం?"

"నీళ్లు రావడం లేదని సార్."

"అది ఏ నిబంధన కింద కారణమవుతుంది?" అన్నారు కమిషనర్ గారు. నిజంగా ఆశ్చర్యపోయే అడిగారు.

సాయంత్రానికి నన్ను సస్పెండు చేశారు. ఛార్జి మెమో ముసాయిదా రాసే పని మా ఆఫీసులో నాదే గనుక ఆ పని కూడా నేనే చేశాను. బాగా వచ్చింది. ముకుందరావు గారు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నీకు మోకాళ్ల నొప్పులు కదయ్యా. మెట్లే ఎక్కలేవు" అన్నారు నా చెవిలో. ఆయన ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు. ఆయన సర్వీసులో చేసిన పెద్ద సాహసం అదేనని నా నమ్మకం.

రెండు రోజులకు మెరకవీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు గేటు ముందు కూర్చున్నారు. లోపల కమిషనర్ గారికి రెండో దర్శనం అయింది. ఉత్తర్వు ఇలా వచ్చింది: 'సస్పెన్షనులో ఉన్న ఉద్యోగి విధుల్లో లేనందున పాదరక్షల నిబంధనలు అతనికి వర్తించవు. సదరు ఉద్యోగి పట్టణము విడిచి పోరాదు గనుక సదా అందుబాటులో ఉండును. కావున ఇకమీదట నీటిలో దిగు పనులన్నియు సస్పెన్షనులో ఉన్నవారిచే మాత్రమే చేయించవలెను. ఇంకను ముప్పది వాల్వులు మిగిలియున్నందున, అర్హులైన ఉద్యోగులను సస్పెండు చేయుటకు విభాగాధిపతులు ప్రతిపాదనలు పంపవలెను.'

బూట్లు కరిచి బొబ్బలెక్కినవాళ్లంతా స్వచ్ఛందంగా దరఖాస్తు చేసుకున్నారు. సీనియారిటీ ప్రకారం సస్పెండు చేయాలా, రోస్టరు ప్రకారమా అని ఎవరో కొర్రీ వేశారు. ఈసారి నేను కాదు.

జూన్ ముప్ఫైన జాబితా వచ్చింది. నూకయ్య పేరు ఉన్నచోటే ఉంది. పర్మినెంటు.

జూలై ఒకటి పొద్దున నేను గావంచా కట్టుకుని తొమ్మిదో వాల్వు దగ్గరికి వెళ్లాను. నూకయ్య అప్పటికే అక్కడున్నాడు, పర్యవేక్షణ విధుల్లో. నీలి ప్యాంటు, టీ రంగు లోఫర్లు. అవి తడవకుండా రెండు అడుగులు ఎడంగా నిలబడి, వాల్వు తిప్పే ఇనప తాళం నా చేతికిచ్చాడు. అతని కళ్లు నిండుగా ఉన్నాయి.

"మీరెందుకిలాగ సేసినారు బాబూ?"

"ఆ సంగతి తర్వాత. ఎలా దిగాలో చెప్పు."

"ఎడం కాలు ముందెట్టండి. పాచుంటాది, జాగర్త. కిందన రాయుంటాది, దానిమీద నిలబడాల. ఎడమేపుకి తిప్పండి. వొల్లంతా ఎయ్యాల బాబూ, సేతులొక్కటే సాలవు."

ఊట చల్లగా మోకాళ్ల దాకా తగిలింది. మొదటి తిప్పుకే భుజాలు పట్టేశాయి. నూకయ్య పైనుంచి లెక్కపెడుతున్నాడు. నాలుగుకి ఆయాసం వచ్చింది. ఆరుకి చేతులు బొబ్బలెక్కాయి. తొమ్మిదికి కాళ్ల దగ్గర గొట్టం సన్నగా వణికింది. లోపల నీళ్లు కదులుతున్న చప్పుడు నాకు వినిపించింది. నీటి విభాగంలో చేరాక ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. తాళం మీద తల వాల్చి నిలబడిపోయాను.

"వచ్చేశాయి నూకయ్యా. చాలదా?"

"కదిల్తే సాలుద్దేటి బాబూ, మెరకెక్కాల. ఇంకా రెండున్నర తిప్పులున్నాయి. తిప్పండి. ఇది పైలు కాదు, మజ్జిలో ఆపీడానికి."